అంగుళం మేస్త్రి వదిలేసిన జాగా

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, అది కాయితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన అంగుళం మేస్త్రి. కారే కప్పులకూ కాలే కప్పులకూ పూత వేయడం ఆయన పని. "అంగుళం వదిలితే ఇల్లు వదిలినట్టే" అని రోజుకు పదిసార్లు అంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ముప్పై రెండేళ్ళ అనుభవం. స్లాబు మీద వెంట్రుకవాసి పగులున్నా ఆయన కంటికి దొరికిపోవాల్సిందే. మనిషి మంచివాడే, కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఆ ఏడు ఎండలు మామూలు ఎండలు కావు. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునేది. మధ్యాహ్నం పంపు తిప్పితే వచ్చే నీళ్ళల్లో టీపొడి వేస్తే చాలు. వడగాడ్పులు, బయటికి రావద్దు అని రోజూ వార్తల్లో చెప్పేవాళ్ళు. లోపల ఉడికిపోయేవాళ్ళు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మేస్త్రి కూతురు లోపల ఉడికిపోయే జాబితాలోదే. మూడంతస్తుల మేడ, దాని డాబా మీద ఒంటిగది. ఆ గదిలో ఆమె, ఇరవై రోజుల పసిగుడ్డు. పాప నెల ముందే పుట్టింది. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు నర్సమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. "గది వేడెక్కనివ్వకండి. ఇంత చిన్న పిల్లలు వేడికి తట్టుకోలేరు. పాలు తాగడం మానేసిందంటే అది మారాం అనుకోకండి, ప్రమాదం. అరగంట చూడండి, తాగకపోతే తీసుకొచ్చెయ్యండి."

అల్లుడు ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పగలంతా స్వెట్టరు వేసుకుని వణుకుతుంటాడు, పెళ్ళాం, బిడ్డ ఇంట్లో ఉడుకుతుంటారు. విచిత్రం అంటే ఇదే. సాయంత్రం బకెట్టులో ఒక ఐసు ముక్క తెచ్చి ఫ్యాను ముందు పెడతాడు గానీ, పొద్దున్నించీ కాలిన కప్పుకు ఆ ముక్క ఏ మూలకు సరిపోతుంది?

కూతురికి తల్లి లేదు. పోయి ఎనిమిదేళ్ళయింది. అందుకే మేస్త్రి పెట్టె సర్దుకుని వచ్చాడు. వచ్చాడే గానీ, ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. పాపను ఎత్తుకోవాలంటే, మెడ కింద చెయ్యి పెట్టాలా, నడుం కింద పెట్టాలా అని ఆలోచించేలోగా పాప ఏడ్చేసేది. ఉతికిన గుడ్డలు సరిగ్గా పిండడం రాక, ఆరేసిన చోట మడుగు కట్టేది. "వాళ్ళమ్మ ఉండుంటే" అనుకోని పూట లేదు. మూడో రోజు గోడకు చెయ్యి ఆనించి చూశాడు. తర్వాత తల ఎత్తి కప్పు చూశాడు. అప్పుడు ప్రాణం లేచొచ్చింది. బాలింతకు చేయాల్సిన పనులు రావు గానీ, ఇది వచ్చు. వేడి దిగేది ఇక్కణ్ణించే. దీనికి తెల్లపూత రెండు వరసలు పడితే గది చల్లబడుతుంది.

"ఎల్లుండికల్లా నీ గదిని నీళ్ళకుండ చేసేస్తా చూడు" అన్నాడు కూతురితో.

"అంత మాట ఎందుకులే నాన్నా, ముందు ఆ గుడ్డలు పిండు" అందామె.

మర్నాడు తెల్లారగానే బకెట్టు, బ్రష్షు, చీపురు పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. గది కప్పు మీద జానెడెత్తు పిట్టగోడ. స్లాబు నిండా గులకరాళ్ళు. ఎప్పుడో ఎవరో ఎండ ఆగుతుందని పరిచి వదిలేసినవి. వాటిని సంచుల్లోకి ఎత్తి, స్లాబు కడిగి, ఆరనిచ్చి పూత వేయాలి. మేస్త్రి కాలు లోపల పెట్టాడో లేదో, పైనుంచి ఏదో కేకలు పెడుతూ వచ్చి ఆయన తలపాగా మీదుగా దూసుకుపోయింది. తేరుకునేలోగా ఇంకొకటి. పసుపుపచ్చ కాళ్ళు, నల్లటి మెడ, ముక్కు పక్కన ఎర్రటి తోలు. తీతువుపిట్టలు. చెరువు గట్లమీద, బీళ్ళలో తిరగాల్సిన పిట్టలకు మూడంతస్తుల పైన ఏం పని?

"ఏమిటే మీ గోల? మీ అబ్బ కట్టించిన ఇల్లా?" అని చీపురు ఊపాడు.

అవి తగ్గలేదు. ఒకటి దూరంగా వాలి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిచింది. అంత గొప్ప నటన చూసి మేస్త్రికి అనుమానం వచ్చింది. ఇది నన్ను అటు రమ్మంటోందంటే, దాచుకున్నది ఇటు ఉందన్నమాట. ఎత్తిన కాలు అలాగే ఉంచి కిందికి చూశాడు. రాళ్ళు. మళ్ళీ చూశాడు. రాళ్ళే. వెంట్రుకవాసి పగులును పట్టే కన్ను గదా, వదల్లేదు. మూడోసారి వెతుకుతుంటే నాలుగు రాళ్ళు మెల్లగా గుడ్లయ్యాయి. ఆయన బొటనవేలికి బెత్తెడు దూరంలో, మొనలన్నీ లోపలికి పెట్టుకుని, ఒద్దికగా నాలుగు. రాళ్ళ రంగే, రాళ్ళ మచ్చలే. గూడంటూ ఏమీ లేదు. రాళ్ళు కాస్త పక్కకు జరిపిన గుంట, అంతే.

మేస్త్రి ఎత్తిన కాలును ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా నిలబడ్డాడు.  ఇంత నిప్పులు కురిసే చోట, కప్పు లేకుండా, గోడ లేకుండా ఒక తల్లి కాపురం పెట్టింది. కింద తన కూతురు, పైన ఇది, మధ్యలో అయిదంగుళాల స్లాబు.

దిగి కూతురికి చెప్పాడు. ఇంటి ఓనరమ్మ కూడా అక్కడే ఉంది. "తీతువు అరుపు ఇంటికి మంచిది కాదంటారు, తీసి అవతల పారెయ్యండి" అంది. "మీరు అద్దె కోసం అరిచే అరుపు కంటే నయమేనమ్మా" అన్నాడు మేస్త్రి నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు.

"ఏం చేస్తావు నాన్నా?" అంది కూతురు.

ఏం చేస్తాడు? పూత మానితే మనవరాలికి ముప్పు. పూత వేస్తే గుడ్లకు ముప్పు. చివరికి జీవితంలో మొట్టమొదటిసారి కొంత జాగా వదలాలని నిశ్చయించుకున్నాడు. గుడ్ల చుట్టూ చాటంత మేర రాళ్ళు అలాగే ఉంచి, మిగతాదంతా ఊడ్చి, కడిగి పూత మొదలుపెట్టాడు. ఎండ ముదరక ముందే పని. పావుగంట పని చేయడం, నిచ్చెన దిగి నిలబడడం, పిట్ట వచ్చి గుడ్ల మీద కూర్చున్నాక మళ్ళీ ఎక్కడం. ముప్పై రెండేళ్ళలో ఇన్నిసార్లు నిచ్చెన దిగింది లేదు. మూడు పొద్దులు పట్టింది. మూడోనాటికి పిట్టలు కూడా ఆయన మీద కాస్త దయ తలచాయి. తలమీదికి రావడం మానేసి, దూరం నుంచే తిట్టేవి.

పూత ఆరింది. కప్పు తెల్లగా, కళ్ళు చెదిరేలా మెరిసింది. కింద గది మధ్యాహ్నానికి కొలిమి నుంచి వంటిల్లయింది. పాప ఆ రోజు రెండు గంటలు ఏకధాటిగా నిద్రపోయింది. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. "చూశావా, కుండ అన్నానా లేదా!" కూతురు నవ్వి, "కుండే నాన్నా, కాకపోతే పొయ్యి మీద కుండ" అంది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆయనకు కడుపు నిండిపోయింది.

ఆ సంతోషం మర్నాడు పొద్దున్న పదింటిదాకా ఉంది. పదింటికి పైనుంచి తీతువుల గోల. ఇది ఆయన్ని తిట్టే గోల కాదు, వేరే. గబగబా నిచ్చెన ఎక్కాడు. పిట్టగోడ మీద కాకి. దాని ముక్కులో గుడ్డు. రెండు తీతువులూ మీద పడి పొడుస్తున్నా, అది తీరిగ్గా లేచి వెళ్ళిపోయింది.

మేస్త్రి రాళ్ళ చాట వైపు చూశాడు. మూడు. అప్పుడు గానీ, తాను చేసిన ఘనకార్యమేమిటో ఆయనకు అర్థం కాలేదు. తెల్లటి కప్పు నడిమధ్యన గోధుమరంగు మచ్చ. కాకికి గానీ గద్దకు గానీ ఆకాశంలోంచి ఇంకేం కావాలి? రాళ్ళలో రాళ్ళుగా కలిసిపోయి ఎవరి కంటా పడకుండా ఉన్నవాటి చుట్టూ తెల్లపూత వేసి, ఇదిగో ఇక్కడున్నాయని చూపించింది తనే. ప్రతి అంగుళం నున్నగా పూసింది తనే. ఇంత చక్కగా చేయకపోయినా బావుండేది. దయ ఉంటే సరిపోదు, బుద్ధి కూడా ఉండాలి. మేస్త్రి నిచ్చెన మీదే కూలబడి, "నా చేత్తో నేనే" అని గొణుక్కున్నాడు.

దారి ఒకటే తోచింది. ఊడ్చిన రాళ్ళు సంచుల్లో ఓ మూల ఉన్నాయి. వాటిని తెల్లపూత మీద మళ్ళీ అక్కడక్కడా పోయాలి. అచ్చం గూడులాంటి చాటంత కుప్పలు. ఏది నిజమో ఏది దొంగో తెలియకూడదు. కానీ రాళ్ళు పోసిన ప్రతిచోటా ఎండ మళ్ళీ దిగుతుంది. ఆ ఎండ తిన్నగా పోయి చేరేది పాప దగ్గరికి. దిగి కూతురి ముందు నిలబడ్డాడు, చెప్పాడు.

ఆమె పాపను భుజం మార్చుకుంది. "దాని పిల్లల్ని నువ్వే చూపించావు నాన్నా" అంది. "నువ్వే దాచు. ఇక్కడ పాపకు నేనున్నాగా."

మేస్త్రి పంతొమ్మిది కుప్పలు పోశాడు. నున్నటి తెల్లపూత మీద గుప్పెడు రాళ్ళు పడ్డప్పుడల్లా తన చెంప తనే కొట్టుకున్నట్టుండేది. ముప్పై రెండేళ్ళ పేరు ఆ మధ్యాహ్నంతో సరి. పక్క మేడ మీంచి చూసిన ఓనరమ్మ, "ఇదేం పూత మేస్త్రీ, మచ్చల ఆవులా ఉంది" అంది. ఆయన దిగి, గది గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా తెలియలేదు. కాకి మర్నాడు వచ్చింది. ఒక కుప్ప మీద వాలింది, ఇంకో కుప్ప మీద వాలింది, నాలుగోదాని దగ్గర విసుగొచ్చి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అల్లుడు ఐసు ముక్క దించుతూ వింత కబురొకటి చెప్పాడు. "మామయ్యా, మా ఫ్యాక్టరీ వెనకాల ఐసు నీళ్ళు పోయే కాలవ ఉంది గదా. అందులో మిట్టమధ్యాహ్నం ఒక పిట్ట వచ్చి కూచుంటోంది. తాగేది తక్కువ. రెక్కలు తపతపలాడించి స్నానమూ చెయ్యదు. పొట్ట నీళ్ళలో పెట్టి అలా నానుతుంది. కాసేపటికి లేచి పోతుంది. మళ్ళీ వస్తుంది. మావాళ్ళంతా దాన్ని చూడ్డానికే తిండి అక్కడ తింటున్నారు."

"కాళ్ళు పసుపుపచ్చగా ఉంటాయా?"

"అవును. మీకెలా తెలుసు?"

మేస్త్రి తలెత్తి కప్పు వైపు చూశాడు. కాలవలో నానడమెందుకో ఆయనకూ అప్పటికి తెలియదు.

పూత ఆరిన పన్నెండో రోజున ఎండ అన్ని రోజుల బాకీ ఒక్కరోజే తీర్చుకుంది. పదకొండింటికి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా మూడు చుట్లు తిరిగి ఆగిపోయాయి. గాలి లేదు. కిటికీ తీస్తే సెగ, మూస్తే ఉక్క. పన్నెండున్నరకు పాప ఏడుపు ఆపేసింది. మొదట ఊరట అనిపించింది. తర్వాత కూతురు రొమ్ము అందిస్తే పాప నోరు తెరవలేదు. ఒళ్ళు కాలుతోంది. చేతులు వాలిపోయాయి.

"నాన్నా, తాగట్లేదు."

ఆ మాట ఆమె చాలా మెల్లగా అంది. ఆసుపత్రికి ఫోను చేశారు. నర్సమ్మ దొరికింది. "బట్టలు తీసెయ్యండి. గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తడుపుతూ గాలి తగలనివ్వండి. ఐసు మాత్రం పెట్టకండి. మధ్య మధ్యన పాలకు ప్రయత్నించండి. అరగంటలో తాగకపోతే ఎండయినా సరే తెచ్చెయ్యండి." ఆ ఎండలో అంత దూరం తీసుకెళ్తే పాప ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తీసుకెళ్ళకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

పంపునీళ్ళు మరుగుతున్నాయి, కుండనీళ్ళు చల్లగా ఉన్నాయి. రెండూ కలిపింది కూతురు. గుడ్డ ముంచి తుడుస్తోంది. తుడిచిన చోట తుడిచినట్టే ఆరిపోతోంది. గుడ్డ తగిలిన ప్రతిసారీ పాప ఉలిక్కిపడి బిగుసుకుంటోంది. మేస్త్రి కప్పు మీద నీళ్ళన్నా పోద్దామని ఒక బకెట్టు పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. తల పిట్టగోడ దాటగానే ఆగిపోయాడు.

తెల్లపూత మీంచి వెలుగు కత్తిలా కంట్లో పడుతోంది. ఆ వెలుగు మధ్యలో తీతువు నిలబడి ఉంది. కూర్చోలేదు, నిలబడింది. ముక్కు తెరుచుకుని రొప్పుతోంది. రెక్కలు కొద్దిగా విప్పి, తన నీడ మూడు గుడ్ల మీదా సరిగ్గా పడేలా నిలబడింది. నీడ జరిగితే తనూ జరుగుతోంది. అంతలో ఐసు ఫ్యాక్టరీ వైపు నుంచి రెండోది వచ్చి వాలింది. దాని పొట్ట ఈకలు తడిసి ముద్దయి, చుక్కలు కారుతున్నాయి. మొదటిది పక్కకు తప్పుకుని, అదే దారిన ఎగిరిపోయింది. వచ్చినది గుడ్ల మీద మెల్లగా ఒంగి, తడి పొట్ట ఆనించింది. మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి తడిపింది. తడి గుడ్లు నల్లటి రాళ్ళలా మెరిశాయి. తర్వాత లేచి, వాటి మీద నీడై నిలబడింది.

మేస్త్రి బకెట్టును పిట్టగోడ మీద ఆనించాడు. స్లాబులకు పూత వేయడం, తడి పట్టడమే బతుకైన మనిషి తను. గోనెలు పరిచి, నీళ్ళు పట్టి, సిమెంటు బీట వారకుండా వారాల తరబడి కాపాడే మనిషి. తనకెవరో నేర్పారు. దీనికెవరు నేర్పారు? బకెట్టు లేదు, గుడ్డ లేదు, చేతులే లేవు. ఉన్నదల్లా ఒళ్ళు. ఆ ఒళ్ళునే కడవ చేసుకుని, రోజుకు ఎన్నిసార్లో, రెండు వీధుల అవతల నుంచి నీళ్ళు మోసుకొస్తోంది. ఇన్నాళ్ళూ తన పూతే ఇంటిని కాస్తోందని మీసం దువ్వుకున్నాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టడానికి సమయం లేదు. దిగాడు.

"తుడవడం ఆపమ్మా" అన్నాడు గది గుమ్మంలోంచే. "దాన్ని తడపడం కాదు, నువ్వు తడువు."

"ఏంటి నాన్నా?"

"నూలు దుప్పటి ఆ నీళ్ళలో ముంచి నీ ఎదకు చుట్టుకో. పాపను దాని మీద బోర్లా పడుకోబెట్టుకో. నీ ఒంటిమీద ఉంటే ఉలిక్కిపడదు. ఆరితే మళ్ళీ తడుపు. పైన అది చేస్తున్నదదే తల్లీ. చెప్తున్నా విను."

కూతురు ఆయన మొహం చూసింది.  దుప్పటి తడిపి చుట్టుకుని, పాపను ఎదమీద వేసుకుని, గోడకు ఆనుకుంది. మేస్త్రి పూత డబ్బా అట్టపెట్టె చించి విసరడం మొదలుపెట్టాడు. చెంబుతో నీళ్ళు దుప్పటి అంచు మీద పోయడం, విసరడం. పోయడం, విసరడం. గోడ మీద గడియారం మాత్రం బ్యాటరీతో నిక్షేపంగా నడుస్తోంది. దాన్ని పీకి పారెయ్యాలనిపించింది. పది నిమిషాలు. పాప బిగుసుకోలేదు. పదిహేను. అరచేతుల్లో ఎరుపు కాస్త తగ్గింది. ఇరవై మూడో నిమిషానికి పాప తల కదిలింది. ఎలుకపిల్లలా చిన్న చప్పుడు చేస్తూ ముక్కుతో ఏదో వెతికింది. వెతికినది దొరికింది.

మేస్త్రి గోడ వైపు తిరిగి విసరడం సాగించాడు. పాప గుటక చప్పుడు వినిపించింది. ఇంకోటి. ఇంకోటి. ఆయన కళ్ళ నీళ్ళు మీసంలోకి దిగుతుంటే తుడుచుకోలేదు. రెండు చేతులూ ఖాళీ లేవు.

"నాన్నా" అంది కూతురు వెనకనుంచి. "అమ్మ ఉన్నా ఇంతకంటే ఏం చేసేది కాదు."

కరెంటు అయిదింటికి వచ్చింది. అల్లుడు ఐసు తెచ్చాడు. జరిగింది విని, బకెట్టు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఎండ పల్చబడ్డాక మేస్త్రి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. ఇందాక పెట్టలేకపోయిన దణ్ణం బాకీ ఉంది. తీతువు ఆయన్ని చూసి లేచి రెండడుగులు పక్కకు వేసింది, అరవలేదు. మేస్త్రి మెడ చాచి చూశాడు. మొదట చెవికి తెలిసింది. గుడ్డులోంచి సన్నగా, పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు కిచకిచ. తర్వాత, ముప్పై రెండేళ్ళుగా దేన్ని చూస్తే ఒళ్ళు మండేదో, సరిగ్గా అదే కంటికి కనిపించింది.

"అమ్మాయ్!" అని కేకపెట్టాడు. "పగిలిందే!"

కింద గదిలోంచి కూతురు గొంతు కంగారుగా వచ్చింది. ఎంతైనా మేస్త్రి కూతురు. "ఎక్కడ నాన్నా? ఎంత పొడుగు?"

"వెంట్రుకవాసి."

"పూడ్చేస్తావా మరి?"

మేస్త్రి నవ్వాడు. నిచ్చెన పై మెట్టు మీదే సర్దుకుని కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లేదమ్మా" అన్నాడు. "దీన్ని పెద్దది కానిద్దాం."